వెనక మూలలో ఆడేవాడు

నవంబర్ 10, సోమవారం

కొత్త సీజన్ పని ఇవాళ మొదలైంది. పోర్ట్ ఫ్లెమింగ్ క్లబ్బుకి, బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే మన ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కి, కోచ్‌గా ఎన్నో ఏడో లెక్కపెట్టడం మానేశాను. మైదానం పచ్చగానే ఉంది, సముద్రం వైపు గోల్ ముందు మాత్రం బోడిగుండు. కుర్రాళ్ళు సగంమంది పొట్టలు వేసుకొచ్చారు. "సెలవుల్లో గొర్రెల్ని ఉన్నితో సహా మింగార్రా?" అన్నాను. నవ్వారు. నవ్వనీ. రేపటి నుంచి పరిగెత్తిస్తా కదా.

ఇంతకుముందు ట్రైనింగ్ అయ్యాక ఇంటికొచ్చి అన్నీ రోజ్‌కి చెప్పేవాణ్ణి. గిన్నెలు కడుగుతూ "ఊ" అనేది. సగం వినేది కాదని నాకు తెలుసు. ఇప్పుడు ఆ "ఊ" లేదు కాబట్టి ఇందులో రాస్తున్నాను. అంతకుమించి ఏం లేదు. నేను బాగానే ఉన్నాను.

నవంబర్ 11, మంగళవారం

మా అబ్బాయి హీత్ పని దిగి నేరుగా ఇంటికొచ్చాడు. జూలైలో వాళ్ళమ్మ చనిపోయినప్పటి నుంచీ మంగళవారం, గురువారం వాడి కార్లోనే క్లబ్బుకి వెళ్తున్నాం, వస్తున్నాం. పెట్రోలు కలిసొస్తుంది. దార్లో రేడియోలో క్రికెట్. వ్యాఖ్యాత గొంతు చించుకుంటుంటే, "నాన్నా, వీడు నీకంటే ఎక్కువ అరుస్తున్నాడు, వీణ్ణి పెట్టుకుందామా మన క్లబ్బుకి?" అన్నాడు. "కారు నడుపు ముందు" అన్నాను.

గేటు దాటగానే వాడికి నేను నాన్నని కాను, కోచ్‌ని. వాడు క్లబ్బు పెద్ద జట్టు, లీగ్ జట్టులోకి వచ్చిన రోజున నేను పెట్టిన రూలు అది. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. మంచి రూలు.

నవంబర్ 18

పరుగు పరీక్ష. పోర్ట్ లింకన్ నుంచి కొత్తగా వచ్చిన జెడ్ పోల్కింగ్‌హార్న్ మొదటొచ్చాడు. పందొమ్మిదేళ్ళు. వాడి కాళ్ళలో స్ప్రింగులున్నాయి. పేరు బోర్డు మీద పట్టడం లేదని మా కెప్టెన్ స్టావ్ "పోల్కా" అని రాశాడు. ఇక బోర్డు మీద వాడి పేరు జన్మకి అదే.

హీత్ చివరి నుంచి నాలుగో వాడు. ఇరవయ్యారేళ్ళకి చివరి నుంచి నాలుగు.

ఇద్దరూ ఆడేది ఒకటే చోటు. వెనక మూల, మన గోల్ పక్కన, అవతలివాళ్ళ ఆఖరి మనిషిని అంటిపెట్టుకుని ఉండే చోటు. ఎవరి కంటా పడని ఉద్యోగం. బాగా ఆడితే పేపర్లో పేరు రాదు, ఒక్క బంతి వదిలితే ఊరంతా తిడుతుంది. హీత్‌కి ఆ చోటే ఇష్టం. ఎందుకని అడిగితే ఓసారి అన్నాడు, "అక్కడైతే అమ్మ అరిచేది బాగా వినిపిస్తుంది." రోజ్ ఎప్పుడూ గోల్ స్తంభాల వెనకే నిలబడేది, ఫ్లాస్కులో టీ పట్టుకుని. "ఓ అంపైరూ, నీ కళ్ళు ఇంట్లో గూట్లో పెట్టొచ్చావా!" అని ఆవిడ అరిస్తే అవతలి జట్టు వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

డిసెంబర్ 4, గురువారం

ఎండ బాగా ఉంది. సాయంత్రానికి కూడా తగ్గలేదు.

కిక్కులు సాధన చేస్తున్నాం. సూర్యుడు దిగుతున్నాడు. సముద్రం వైపు చివరన ఒక మనిషి ఎండకి ఎదురుగా, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, తల కాస్త పక్కకి వాల్చి నిలబడి ఉంది. నడిచింది. ఎడమ పాదం కాస్త బయటికి వేస్తూ.

హీత్.

విజిల్ వేసి అందర్నీ మైదానం చుట్టూ పరిగెత్తించాను. వాళ్ళు ఆగబోతే మళ్ళీ విజిల్ వేశాను. స్టావ్ దగ్గరికొచ్చి, "కోచ్, ఎవరు ఏం తప్పు చేశారు?" అన్నాడు. "ఒళ్ళు వంగట్లేదు మీకు" అన్నాను.

ఎండదెబ్బ తగిలినట్టుంది. మంచినీళ్ళు ఎక్కువ తాగాలి.

డిసెంబర్ 18

సెలవులకి ముందు క్లబ్బులో అందరికీ బొగ్గుల మీద సాసేజీలు, ఉల్లిపాయలు. స్టావ్ వాళ్ళమ్మ రెండు ట్రేల తేనె మిఠాయి పంపింది. జెడ్ ఒక్కడే ఒక ట్రే అవగొట్టాడు. "వీడు పరిగెత్తేది చక్కెర మీదన్నమాట" అంది మేనేజర్ వెండీ.

హీత్ బంగాళదుంప సలాడ్ చేసుకొచ్చాడు. ఆవాలు, కోసిన గుడ్లు, పైన ఉల్లికాడలు. చూడగానే ఎవరి పద్ధతో తెలిసింది. అందరూ రెండేసిసార్లు పెట్టుకున్నారు. "నువ్వు తినలేదు కోచ్" అన్నాడు వాడు. "ఆకలి లేదు" అన్నాను. లేదు నిజంగానే.

డిసెంబర్ 25

హీత్ వచ్చాడు. రొయ్యలు తెచ్చాడు. బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టి, ఒకటి తీసేశాడు. బాగానే మాట్లాడుకున్నాం. అవతలివాడు పొడుగైతే వెనక వరుస ఎలా నిలబడాలో ఉప్పు సీసా, మిరియాల సీసా పెట్టి చూపించాను. చాలాసేపు చూపించాను. వాడు అన్నీ విన్నాడు.

జనవరి 27

నలభై మూడు డిగ్రీలు. మైదానం మీద ట్రైనింగ్ వద్దన్నారు. అందర్నీ సముద్రంలో నడుముల్లోతు నీళ్ళలో నడిపించాను. హీత్, జెడ్ ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుని చిన్నపిల్లల్లా అరుచుకున్నారు. జెడ్‌కి బంతిని ఎదుటివాడి చేతుల్లోంచి గుద్ది తప్పించడం హీత్ నేర్పిస్తున్నాడు. తన చోటు లాక్కోబోయే వాడికి. వాళ్ళమ్మ బుద్ధి.

రోజ్ బట్టలు వచ్చే వారం ఇచ్చేయాలి.

ఫిబ్రవరి 12

అందరూ అంటున్నారు. కోచ్ కొడుకు కాబట్టే జట్టులో ఉన్నాడని. నోటితో అనకపోయినా మొహాల్లో కనిపిస్తుంది. కమిటీ వాళ్ళు కూడా. ఇవాళ అధ్యక్షుడు "వెనక మూలకి ఈసారి పోటీ బాగా ఉన్నట్టుందే" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలీదనుకున్నాడు.

రోజ్ బట్టలు ఇంకా ఇవ్వలేదు. వచ్చే వారం.

మార్చి 7, శనివారం

మొదటి ట్రయల్ మ్యాచ్, మన మైదానం మీదే.

మొదటి పావు ఆటలో హీత్ బాగానే ఆడాడు. రెండోదాంట్లో ఒక బంతి చేతికొచ్చింది, కాలికి సరిగ్గా తగల్లేదు, నేరుగా అవతలివాడి గుండెల మీదకి పోయింది. గోల్. అందరికీ జరుగుతుంది. కానీ ఆ తర్వాత వాడేం చేశాడంటే, వెనక్కి తిరిగి గోల్ స్తంభాల వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఐస్‌క్రీం తింటూ ఒక పాప ఉంది. నేనూ అటే చూస్తున్నాను. ఇద్దరం ఒకే చోటు చూసి, ఒకరినొకరు చూసుకున్నాం. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి.

హాఫ్ టైమ్‌లో వాణ్ణి తీసేసి జెడ్‌ని పెట్టాను. "నాకు ఒంట్లో బాగాలేదా కోచ్?" అన్నాడు నవ్వుతూ. "కూర్చో" అన్నాను.

రెండో సగం ప్రశాంతంగా చూశాను. ఆ మూలకి కళ్ళు పోలేదు. ఆట మీద మనసు నిలిచింది. నిర్ణయం సరైనదే అనడానికి ఇదే రుజువు.

మార్చి 14

రెండో ట్రయల్. గెలిచాం. హీత్‌ని ఆడించలేదు.

లీగ్ రూలు ప్రకారం జాబితాలో ఒక్కరు ఎక్కువ ఉన్నారు. మంగళవారంలోగా ఒక పేరు తీసేయాలి. ఇది నేను చేస్తున్నది కాదు. లెక్క.

మార్చి 17, మంగళవారం

చెప్పేశాను.

ఇంట్లో చెప్పి ఉండొచ్చు. కార్లోనూ చెప్పొచ్చు, దారంతా పక్కపక్కనే కూర్చున్నాం. కానీ తీసేసే మాట ఎవరికైనా క్లబ్బు చిన్న గదిలో, వెండీ ఎదురుగానే చెబుతాను. అందరికీ ఒకటే పద్ధతి. వాడికి వేరే పద్ధతి పెడితే అన్యాయం అవుతుంది. ఈ మాట దారిపొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

"కూర్చో."

"నిలబడతాలే కోచ్." మేజోళ్ళు వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఎప్పుడూ చెప్పేవే చెప్పాను. జాబితా చిన్నదని. కష్టమైన నిర్ణయమని. నీ శ్రమకి క్లబ్బు ఎప్పటికీ రుణపడి ఉంటుందని.

వాడు నవ్వాడు. "ఆ చివరి ముక్క పోయినేడు గ్రెగ్‌కి చెప్పినప్పుడు నేను గుమ్మం బయటే ఉన్నా. వాడు ఏడ్చాడు."

వెండీ లేచి, "టీ పెట్టుకొస్తా" అని వెళ్ళిపోయింది. ఆమె టీ తాగదు.

"రిజర్వ్ జట్టులో ఆడతానంటే మాట్లాడతాను" అన్నాను.

"వద్దు నాన్నా." క్లబ్బులో నాన్నా అన్నాడు. "నాకు పోయినేడే ఆపేద్దామని ఉండింది. మోకాలు పోయింది, సరదా పోయింది. అమ్మతో అన్నాను కూడా. ఆపెయ్‌రా, నాన్నకి నేను చెప్తాలే అంది. ఇంతలో ఆవిడే పోయింది."

"మరెందుకు ఆడావు?"

వాడు నన్ను చూసిన చూపు రాయడం నాకు చేతకాదు. "మంగళవారం, గురువారం, శనివారం," అన్నాడు. "ఇంకెప్పుడు కలుస్తాం మనం?"

"ఇంటికి రావచ్చుగా."

"వస్తే ఉప్పు సీసాలు జరుపుతావు."

నాకు ఏదో చెప్పాలని ఉంది. ఎంతోమందికి ఈ గదిలో చెప్పి చెప్పి నా ఒంటికి అలవాటైన పని ఒకటుంది. కుర్చీలోంచి లేచి చెయ్యి చాపాను. కన్నకొడుక్కి. షేక్ హ్యాండ్ ఇవ్వమని.

వాడు ఆ చెయ్యి వంక చూశాడు. బూట్లు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చెయ్యి కలిపాడు. "థాంక్స్ కోచ్."

తర్వాత మైదానంలోకి వెళ్ళి ట్రైనింగ్ చేయించాను. అయ్యేసరికి చీకటి పడబోతోంది. బయటికొస్తే పార్కింగులో హీత్ కారు ఉంది. లోపల వాడున్నాడు. అంతసేపూ అక్కడే కూర్చున్నాడు. నేను ఇంటికెళ్ళాలి కదా, వాడి కార్లో వచ్చాను కదా.

దారంతా రేడియో పెట్టలేదు. ఒక్కచోట, "బెల్టు పెట్టుకో నాన్నా" అన్నాడు. పెట్టుకున్నాను. ఇంటి ముందు ఆపాడు. లోపలికి రమ్మని అనలేదు నేను. వస్తాడేమోనని చూశాను. రమ్మనకుండా ఎలా వస్తాడు.

మార్చి 18

బాగా నిద్రపట్టింది.

మార్చి 19, గురువారం

నిద్ర పట్టలేదు. నిన్న అబద్ధం రాశాను.

సాయంత్రం ట్రైనింగుకి తయారై వరండాలో కూర్చున్నాను. ఎవరి కోసం కూర్చున్నానో కాసేపటికి తెలిసింది. నా బండి తీద్దామంటే జూలై నుంచీ సరిగ్గా వాడలేదేమో, బ్యాటరీ పోయింది. పక్కింటాయన తన బండి తెచ్చి తీగలు తగిలించి లేపాడు. ఆలస్యంగా వెళ్ళాను. కోచ్ అయ్యాక మొదటిసారి.

స్టావ్ బట్టలు మార్చుకునే గదిలో నా కోసం ఒక్కడే ఉన్నాడు. పదేళ్ళుగా నా దగ్గర ఆడుతున్నాడు, ఇంతవరకూ ఎదురు చెప్పలేదు.

"ఎందుకు తీశారు వాణ్ణి?"

"కుర్రాళ్ళు అనుకుంటున్నారుగా, కోచ్ కొడుకని..."

"ఎవరు?"

"అందరూ."

"ఎవరో ఒక్క పేరు చెప్పండి."

గోడ మీది కొక్కేలకున్న పేర్లు వరసగా చదివాను, ఒక్కటీ పనికిరాలేదు.

"ఎవరూ అనలేదు కోచ్," అన్నాడు. "రోజ్ చనిపోయిన వారంలో, మంగళవారం ఎవరూ ట్రైనింగుకి రాబోమన్నారు. హీతే ఇంటింటికీ వెళ్ళి తీసుకొచ్చాడు. 'మైదానం ఖాళీగా ఉంటే మా నాన్న పడిపోతాడు' అన్నాడు. అది మీకు తెలుసా?"

తెలీదు. ఆ వారం అందరూ వచ్చారని, అది నేను నేర్పిన క్రమశిక్షణ అని గర్వపడ్డాను.

మార్చి 24

వెండీని అడిగాను. కమిటీ ఒత్తిడి చేసింది కదా అని.

"ఎవరి మీద?"

"నా మీద. హీత్ విషయంలో."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "డారిల్, నేను చెప్పిన పేరు వేరే. ఆ మిడ్‌ఫీల్డ్ కుర్రాడు, ఎటూ ఇంగ్లండ్ పోతున్నాడు కదా. నువ్వు వినిపించుకోలేదు. బోర్డు దగ్గరికెళ్ళి నువ్వే తుడిచేశావు హీత్ పేరు. గుర్తు లేదూ? అధ్యక్షుడు మర్నాడు ఫోన్ చేసి, ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగాడు."

"నాకప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు కిటికీలోంచి మైదానం చూస్తున్నావు. వాడు ఒక్కడే బంతి తన్నుకుంటున్నాడు."

అవును. వాడు ఒక్కడే ఉన్నాడు. బంతి తెచ్చుకోవడానికి నడిచి వెళ్తున్నాడు. ఎడమ పాదం కాస్త బయటికి వేస్తూ. ప్రతి మంగళవారం, ప్రతి గురువారం రోజ్ నా మైదానం మీద అటూ ఇటూ నడుస్తోంది. నేను చూడలేకపోయాను. చూడలేక తుడిచేశాను. ఇక్కడ రాస్తున్నా కాబట్టి రాస్తున్నాను. బయట ఎవరితోనూ అనను.

రోజ్ పోగా నాకు మిగిలింది ఆ నడక ఒక్కటే. దాన్ని కూడా నేనే పంపించేశాను.

మార్చి 26

ఫోన్ చేశాను. తియ్యలేదు. పనిలో ఉండుంటాడు. కరెంటు పని కదా, నిచ్చెన మీద ఉంటే ఎలా తీస్తాడు.

మార్చి 27

తియ్యలేదు. పనిలో ఉండుంటాడు.

మార్చి 29, ఆదివారం

పని.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

మొదటి మ్యాచ్. రెండు గోల్స్ తేడాతో గెలిచాం.

జెడ్ ఆ మూలలో అద్భుతంగా ఆడాడు. ఆఖరి నిమిషంలో తనకంటే తలెత్తు పొడుగున్న వాడి చేతుల్లోంచి బంతిని పిడికిలితో గుద్ది బయటికి కొట్టాడు. జనం లేచి నిలబడ్డారు. అది హీత్ గుద్దు. మణికట్టు కాస్త లోపలికి తిప్పి కొట్టే ఆ పద్ధతి ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ లేదు.

ఆట అయ్యాక గదిలో అందరూ భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి క్లబ్బు పాట పాడారు. నన్నూ లాగారు. పాడాను. పేపరు విలేఖరి కుర్రాడొచ్చి, పోల్కింగ్‌హార్న్‌ని పైకి తీసుకొచ్చిన మీ నిర్ణయం గురించి చెప్పండి అన్నాడు. "కష్టమైన నిర్ణయం" అన్నాను. "కానీ సరైనదని తేలిందిగా?" అన్నాడు. అవునన్నాను. ఏం చెయ్యను, గెలిచాం మరి. ఓడిపోయినా బాగుండేది.

ఏప్రిల్ 5, ఈస్టర్

దాల్చినచెక్క బన్నులు అరడజను కొనుక్కుని హీత్ ఉండే ఇంటికి వెళ్ళాను. వాడూ, ఇంకో అబ్బాయీ కలిసి అద్దెకుంటారు. ఆ అబ్బాయే తలుపు తీశాడు. చొక్కా లేదు, నిద్రమొహం.

"హీత్ లేడండీ. స్ట్రీకీ బే వెళ్ళిపోయాడు కదా పోయిన వారం. అక్కడ ఆల్చిప్పల పెంపకంలో పని. పడవ మోటార్లూ అవీ చూసుకుంటాడట." అని, నా మొహం చూసి ఆగాడు. "మీకు చెప్పే ఉంటాడుగా?"

"తెలుసు తెలుసు," అన్నాను. "వాడి సామాన్లు ఏమైనా మిగిలాయేమో కనుక్కుందామని."

లోపలికి రమ్మన్నాడు. వాడి గది ఖాళీ. పరుపు గోడకి ఆనించి ఉంది. కిటికీ తెరిచి ఉంది. ఆ గదిలోకి నేను రావడం అదే మొదటిసారి. నాలుగేళ్ళు ఉన్నాడు వాడు ఇక్కడ, నా ఇంటికి కారులో ఎంతో దూరం కూడా కాదు. గోడ రంగు ఏమిటో కూడా నాకు తెలీదు. లేత నీలం.

బన్నులు ఆ అబ్బాయికిచ్చేశాను. కార్లో కూర్చుని చాలాసేపు తాళం పెట్టలేకపోయాను. ఆసుపత్రిలో ఏడవలేదు, చర్చిలో ఏడవలేదు. ఇక్కడ, ఎవరిదో చెత్తబుట్ట పక్కన బండి ఆపుకుని, ఏడ్చాను. ఒకామె కుక్కని నడిపించుకుంటూ వచ్చి, అద్దం మీద కొట్టి, "బాగానే ఉన్నారా?" అంది. బాగానే ఉన్నానని చెప్పలేదు. తల అడ్డంగా ఊపాను. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. కుక్క కూడా.

ఏప్రిల్ 7, మంగళవారం

ట్రైనింగ్ నుంచి ముందే వచ్చేశాను. మిగతాది స్టావ్ చూసుకుంటానన్నాడు.

హీత్‌కి ఫోన్ చేశాను. ఈసారి తీశాడు. వెనకాల గాలి హోరు.

"గెలిచారటగా," అన్నాడు.

"ఊ."

"జెడ్ ఆ బంతి గుద్దడం వీడియోలో చూశా. నా దగ్గర నేర్చుకున్న వెధవ."

నవ్వుదామని చూశాను, రాలేదు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుందామనుకుని రాసుకోలేదు. "హీత్, నిన్ను తీసింది ఆట బాగాలేక కాదు," అన్నాను.

గాలి. ఏదో తలుపు వేసుకున్న చప్పుడు.

"తెలుసు," అన్నాడు. "అద్దంలో అమ్మ నాకూ కనిపిస్తుంది, నాన్నా. నాకూ కష్టంగానే ఉంటుంది."

వాడికి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

"ఈ ఆదివారం అటు రానా? ఆ మర్నాడు సెలవు పెడతాను."

"వద్దు నాన్నా. ఇప్పుడే వద్దు."

"సరే."

"కోపంతో కాదు."

"సరే."

"ఎప్పుడు రావాలో నేనే చెప్తాను."

సరేనన్నాను. ఇక పెట్టేస్తాడేమో అనిపించింది. పెట్టేస్తే మళ్ళీ ఎప్పుడో ఏమో. ఆట గురించి తప్ప వాడితో ఏం మాట్లాడాలో ఇరవయ్యారేళ్ళలో నేర్చుకోలేదు నేను. వెతికాను. వెతికి వెతికి, "ఏం తిన్నావురా?" అన్నాను.

ఫోన్ పోయిందేమోనని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"గుడ్లు," అన్నాడు. "మాడ్చాను."

"మంట తగ్గించి చెయ్యాలి," అన్నాను.

"ఊ," అన్నాడు.